గుడ్డు పొడిచే పెట్ట - దాని పూర్వచరిత్ర



పెరట్లో నాలుగు కోళ్ళున్న ప్రతి ఇల్లాలికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. పెట్ట కేకవేస్తుంది. గుడ్డు పెట్టిందని మనకు తెలుస్తుంది. తీరా వెళ్ళి బుట్టలో చెయ్యి పెడితే తడిసిన గడ్డీ, రెండు పెంకు ముక్కలూ చేతికి తగులుతాయి. పెట్ట ముక్కు చూద్దుము గదా, పచ్చసొన అంటుకొని వుంటుంది. "కంచే చేను మేస్తే ఇంక కాచేదెవరు?" అని ఒక నిట్టూర్పు విడిచి, ఆ ఆదివారమే దాన్ని కోసేస్తారు. కోస్తే పీడ వదలాలి గదా! వదలదు. పది రోజులు తిరక్కుండా ఇంకొక పెట్ట అదే పని మొదలుపెడుతుంది. అప్పుడు దాన్నీ కోస్తారు. చివరకు గూడు ఖాళీ అవుతుందిగాని అలవాటు పోదు.

ఎందుచేత పోదు? యీ ప్రశ్నకు జవాబు ఒక్క పెట్టను చూస్తే దొరకదు. కోడి అడవినుంచి మన గడపకు, గడప నుంచి గదిలోకి, గదిలోనుంచి ఇనుపతీగల పంజరంలోకి ఎట్లా వచ్చిందో ఆ కథంతా చూస్తే దొరుకుతుంది. ఆ కథనే యివాళ క్లుప్తంగా చెప్పుకుందాం.

మన కోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఎర్ర అడవికోడి. గోదావరికి ఉత్తరాన తూర్పు కనుమల అడవుల్లో అది యిప్పటికీ వున్నది. అడవిపెట్ట గుడ్లు పెట్టే తీరు గమనించండి. పొద చాటున, చీకటి మూలన, నేలను కాస్త గీరుకొని, ఎండుటాకులు పరచుకొని, ఒంటరిగా గుడ్డు పెడుతుంది. పెట్టి వెళ్ళిపోతుంది. మళ్ళీ గుడ్డు పెట్టే వేళకే వస్తుంది. అయిదారు గుడ్లు కాగానే పొదుగుతుంది. ఆ గూటిలోకి రెండవ పెట్ట రాదు. తొక్కిడి లేదు, తోపులాట లేదు. కనుక గుడ్డు పగలడం అరుదు. ఒకవేళ పగిలిందే అనుకోండి. ఆ సొన వాసనకు చీమలు పడతాయి, ముంగిసలు వస్తాయి. పగిలిన గుడ్డును తినివేసో, అవతల పారవేసో గూడు శుభ్రం చేసుకోవడం చాలా పక్షులకు వున్న అలవాటే. అంటే పగిలిన గుడ్డు తినడం కోడి జాతికి పాపమూ కాదు, కొత్తా కాదు. పెట్ట కంటికి నిండు గుడ్డు ఆహారం కాదు. పగిలిన గుడ్డే ఆహారం. యీ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కిన కథంతా సులువుగా బోధపడుతుంది.

మనిషి కోళ్ళను చేరదీసి, పది పెట్టలను ఒక్క కప్పుకింద గుడ్లు పెట్టించిననాడే చిక్కు మొదలయింది. దీన్ని కనిపెట్టి పుస్తకంలో రాసిపెట్టిన పాతకాలపు వ్యవసాయదారుడు ఒకాయన వున్నాడు. ఆయన పేరు కొలుమెల్లా. స్పెయినులో పుట్టి, ఇటలీలో భూములు సాగుచేసిన రోమన్ పౌరుడు. కాలం క్రీస్తుశకం మొదటి శతాబ్దం, అనగా సుమారు రెండువేల ఏళ్ళ కిందటి మాట. వ్యవసాయం మీద ఆయన రాసిన పన్నెండు సంపుటాలలో ఎనిమిదవది కోళ్ళూ, బాతులూ, చేపలూ మొదలైనవాటి సంగతి చెబుతుంది. గుడ్లు పెట్టే గూళ్ళ ముందు నడిచి వెళ్ళడానికి చిన్న అరుగులాంటిది అమర్చమన్నాడు ఆయన. ఎందుకంటే పెట్ట ఎగిరివచ్చి గూట్లో దూకితే కాళ్ళకింద గుడ్లు పగులుతాయి గనుక. కాళ్ళకు ముళ్ళు పెరిగిన పెట్టలను ఏరివేయమన్నాడు. పొదిగేటప్పుడు ఆ ముళ్ళు గుచ్చుకొని గుడ్లు పగులుతాయి గనుక. పెట్టలు గుడ్లు పెట్టే రోజుల్లో కోళ్ళకాపరి వాటి కేక వింటూ, గూళ్ళు తిరిగి చూస్తూ, గుడ్లు ఎప్పటికప్పుడు తీసుకోవాలన్నాడు. చూశారా! ఆయన దృష్టి పెట్ట గుణం మీద లేదు. గూడు అమరిక మీద వున్నది. గుడ్డు పగలకుండా చూడటమే ఆయన చెప్పిన వైద్యం.

మన పల్లెల్లో పుస్తకం లేకపోయినా తెలివి ఇదే. వసారా మూలన పాత తట్టలోనో, పగిలిన బానలోనో వరిగడ్డి వేసి, కొంచెం ఎత్తున, కొంచెం చీకటిలో పెట్టేవారు. పెట్టకు అది పొదలాగే తోచేది. అలవాటైన చోటికే మళ్ళీ రావడానికి ఒక గుడ్డు అందులో వుంచి మిగతావి తీసేవారు. నాటుపెట్ట ఒక విడతకు పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఏడాదికి మూడు, నాలుగు విడతలు. మొత్తం యాభై, అరవై గుడ్లు. పగలంతా పెంటకుప్పల మీద, కళ్ళాల్లో, గట్లమీద తిరిగి పురుగూ పుట్రా, నత్తగుల్లా, ఆకూ అలమూ ఏరుకు తినేది. ఎండకు ఎండ, సున్నానికి సున్నం. దానికి కావలసినవన్నీ అదే సంపాదించుకునేది. నాటుకోళ్ళలో గుడ్డు తినే పెట్ట వుండదని కాదు. వుంటుంది, కాని తక్కువ.

ఆ తరువాత కథ పడమటి దేశాలలో మలుపు తిరిగింది. ఇటలీ పడమటి తీరాన లివోర్నో అనే రేవు వుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని లెగ్‌హార్న్ అని పిలిచారు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ రేవునుంచి అమెరికాకు వెళ్ళిన తేలిక కోళ్ళకు ఆ పేరే నిలిచింది. తెల్ల లెగ్‌హార్న్ పొదుగుకు కూర్చోవడం దాదాపు మరచిపోయిన పెట్ట. పొదగదు గనుక ఆగకుండా గుడ్లు పెడుతూనే వుంటుంది. ఏ పెట్ట ఎన్ని పెట్టిందో లెక్క తేల్చడానికి తలుపు తానే మూసుకొనే బోను గూళ్ళు అమర్చి, ఎక్కువ పెట్టేవాటి సంతతినే పెంచుకుంటూ వచ్చారు. అరవై గుడ్లు నూరయినవి, నూరు రెండువందలయినవి.

ఇక్కడ కొంచెం లెక్క వేసుకుందాం. గుడ్డు పెంకు బరువు అయిదారు గ్రాములు. అందులో దాదాపు అంతా సున్నపురాయి పదార్థమే. లోపలి కాల్షియం మాత్రం లెక్కిస్తే గుడ్డుకు సుమారు రెండు గ్రాములు. పెట్ట ఒంట్లోని ఎముకలన్నీ కలిపితే వుండే కాల్షియం సుమారు 20 గ్రాములు. నాటుపెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడితే 120 గ్రాములు బయటికి పోతుంది. 200 గుడ్లు పెట్టే పెట్టకు 400 గ్రాములు పోతుంది. అంటే తన ఎముకలకు ఇరవైరెట్లు ఏడాదిలో గుడ్లరూపంగా మనకు ఇస్తున్నదన్నమాట! అది మేతలో అందకపోతే తన ఎముకలనే కరిగించి పెంకు కడుతుంది. అదీ చాలనప్పుడు పెంకు పలుచనవుతుంది. ఆఖరుకు తోలుగుడ్డు పెడుతుంది. తోలుగుడ్డు నిలుస్తుందా? బుట్టలో పడీపడకముందే చితుకుతుంది. చితికితే సొన. సొన రుచి చూసిన పెట్ట రెండవసారి పొడిచి చూస్తుంది. పక్కనున్నవి చూసి నేర్చుకుంటాయి. ఇదీ సంగతి!

సున్నం ఒక్కటి పెడితే చాలదని తెలియడానికి ఇంకా కొంతకాలం పట్టింది. చలిదేశాలలో శీతకాలమంతా కోళ్ళను గదిలో మూసివుంచితే పిల్లల కాళ్ళు వంకర్లు పోయేవి, పెట్టల గుడ్ల పెంకు పలుచబడేది. మేతలో లోటు కనపడేది కాదు. 1920లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హార్ట్, స్టీన్‌బాక్ అనే శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ దీని గుట్టు తేల్చారు. ఎండ తగిలిన పిల్లల కాళ్ళు చక్కబడ్డాయి. కాడ్‌చేప కాలేయపు నూనె తాగించినా చక్కబడ్డాయి. 1922లో విటమిన్ డి అని పేరుపెట్టిన పదార్థమే దీనికి మూలం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గుడ్లు పెట్టే పెట్టలకూ మేలు చేస్తాయని 1925లో వారే ప్రకటించారు. తిన్న సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ కావాలి, లేదా మేతలో విటమిన్ డి కావాలి. మన పెరటికోడికి ఎండ కరువు లేదు. కాని పగలంతా గంపకింద మూసిపెట్టిన పెట్టకు అది వుండదు సుమండీ!

అదే రోజుల్లో నార్వే దేశంలో షెల్డెరప్-ఎబ్బె అనే ఆయన కోళ్ళ గుంపును ఏళ్ళ తరబడి కనిపెట్టి చూసి, 1921లో ఒక విషయం వెల్లడిచేశాడు. గుంపులో ఎవరు ఎవరిని పొడవాలో ఒక వరుస వుంటుందట. పై పెట్ట కింది పెట్టను పొడుస్తుంది, అది దాని కిందిదాన్ని. మన అత్తా, తోడికోడళ్ళ వరసలాగే అనుకోండి! గూళ్ళు చాలనప్పుడు ఏమవుతుంది? కింది పెట్టను గూటి దగ్గరకు రానివ్వవు. అది నేలమీదనే గుడ్డు పెడుతుంది. నేలమీది గుడ్డు పదిమంది కాళ్ళ కింద పడుతుంది. లేదా ఒక్క గూట్లోనే మూడు పెట్టలు ఇరుక్కుంటాయి. రెండు దారులూ పగిలిన గుడ్డు దగ్గరికే చేరుస్తాయి.

1930ల నాటికి అమెరికాలో పెద్ద ఫారాలు యీ చిక్కును రెండు విధాల అణచివేయ చూశాయి. ఒకటి, ముక్కు కొన కత్తిరించడం. రెండు, తీగల పంజరం. పంజరం అడుగు వాలుగా వుంటుంది. పెట్టిన గుడ్డు పెట్టగానే దొర్లి బయటికి వస్తుంది. పెట్ట ముక్కుకు అందదు. తెలుగునాట 1970ల తరువాత పెరిగిన పెద్ద గుడ్ల ఫారాలలో వ్యాపించింది కూడా యీ పద్ధతే. గుడ్డు దక్కింది, నిజమే. కాని పెట్టకు గూడు లేదు, రెక్క చాచే చోటు లేదు. అందుకనే ఐరోపా సమాఖ్య దేశాలు 1999లో శాసనం చేసి, 2012 జనవరి 1 నుంచి ఆ పాతరకం పంజరాలను నిషేధించాయి. మంచాన్ని బట్టి కాళ్ళు కుదించినట్లు, పెట్టను మార్చి చిక్కు తీర్చారుగాని గూటిని మార్చి తీర్చలేదని వాటిమీద వచ్చిన ఆక్షేపణ.

ఇక మనదేశం సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని ఏటా పట్టణంలో స్లేటర్ అనే అమెరికన్ మిషనరీ 1910ల తరువాత మేలుజాతి కోళ్ళను పల్లెల్లో వ్యాపింపజేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. బ్లాకులలో గ్రామసేవకులు లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ జాతుల పుంజులనూ, పెట్టలనూ పంచారు. 1960లలో ఐక్యరాజ్యసమితి బాలల నిధి సాయంతో నడచిన పౌష్టికాహార కార్యక్రమం పిల్లలకూ, బాలింతలకూ గుడ్డు అందాలని కోళ్ళ పెంపకాన్ని ప్రోత్సహించింది. ఆశయం గొప్పది. అయితే ఒక చోట తేడా వచ్చింది. పెట్ట మారింది, పెంపకం మారలేదు. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్ట వచ్చి, నాటుపెట్ట తిన్న గుప్పెడు నూకలే తిన్నది. పైగా విలువైన జాతి గదా అని గద్దకూ, కుక్కకూ భయపడి మూసి వుంచారు. అడవిలో, పెంటకుప్పమీద దొరికే సున్నం మూసిన గూట్లో ఎక్కడినుంచి వస్తుంది? కొక్కెర తెగులు తగిలి బతికి బయటపడిన పెట్టలు కూడా కొన్నాళ్ళపాటు పలుచని, వంకర పెంకు గుడ్లు పెడతాయి. "సీమ పెట్టలకు గుడ్లు తాగే జబ్బు వుంది" అనే మాట యిట్లాంటి చోటనే పుడుతుంది. జబ్బు పెట్టది కాదు, మేతది.

ఆ పాఠం యిప్పటికీ పాతబడలేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. రంగు ఈకలు, గట్టి ప్రాణం, తిరిగి తినే నేర్పూ వున్నవి. వనరాజా ఏడాదికి సుమారు నూరు గుడ్లు, గ్రామప్రియ చక్కగా మేపితే సుమారు రెండువందలు పెడతాయి. పైన వేసిన లెక్క మళ్ళీ ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. గ్రామప్రియ పెట్టను తెచ్చి నాటుపెట్టలా వదిలేస్తే పాత కథే తిరగబడుతుంది.

గుడ్డు తినే పెట్టకు పల్లెల్లో ఒక పాత శిక్ష వున్నది. గుడ్డుకు చిల్లుపొడిచి, సొన తీసి, లోపల కారం కూరి బుట్టలో పెడతారు. పెట్ట పొడిచి, నోరు మండి, బుద్ధి తెచ్చుకుంటుందని ఆశ. కాని పెట్ట ఆ కారాన్ని కమ్మగా తినివేస్తుంది! ఇదేమిటని చాలామంది విస్తుపోయారు. 2002లో శాస్త్రజ్ఞులు దీని కారణం తేల్చారు. మన నోటికి మంట తెలియజేసే కీలకం కోడిలో కూడా వున్నది గాని, మిరపలోని ఘాటుపదార్థం దానికి తగలదు. అడవిలో పక్షులు మిరపపండ్లు తిని విత్తనాలు వెదజల్లేదీ యిందుకే. కనుక కారం పెట్టిన గుడ్డు శిక్ష కాదు, పచ్చడి! అంతకంటే చెక్కతోనో, సుద్దతోనో చేసిన గుడ్డు పెట్టండి. నున్నటి తెల్ల గులకరాయయినా సరే. పొడుస్తుంది, పగలదు, విసుగుపుట్టి మానుకుంటుంది.

యీ చరిత్రంతా విన్నాక చేయవలసిన పని తానే తెలుస్తుంది. వరసగా చెబుతాను.

మొదట దొంగ ఎవరో తేల్చుకోండి. పాము గుడ్డును నిలువునా మింగుతుంది, పెంకు మిగలదు. ఎలుక దొర్లించుకుపోతుంది. కాకి ఎత్తుకుపోతుంది. తడిసిన గడ్డీ, పెంకు ముక్కలూ, ముక్కుకు సొనా కనిపిస్తేనే పెట్టమీద నింద వేయండి.

రెండవది సున్నం. ఆలిచిప్పలు, నత్తగుల్లలు దంచి, జొన్నగింజంత ముక్కలు చేసి, ఒక మూకుడులో విడిగా పెట్టండి. మేతలో బలవంతంగా కలపవద్దు. గుడ్లుపెట్టే పెట్ట తనకు కావలసినంత తింటుంది, పెట్టనిది ముట్టదు. పెంకు ఎక్కువభాగం రాత్రిపూట కట్టుకుంటుంది గనుక సాయంత్రం మూకుడు నిండుగా వుండాలి. కాల్చిన సున్నం మాత్రం పెట్టవద్దు, నోరూ పేగూ కాలుతుంది. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు పెట్టవచ్చును గాని, ఎండబెట్టి, వేయించి, గుడ్డు ఆనవాలు లేకుండా పొడిచేసి పెట్టాలి. డొప్పలు డొప్పలుగా విసిరితే మనమే అలవాటు నేర్పినవాళ్ళమవుతాము. నూకలూ తవుడూ పెట్టేవారు దానితోపాటు వేరుశనగ పిండో, ఎండుచేపల పొడో కొంచెం కలపాలి. ఆకలిగొన్న పెట్ట దేన్నయినా పొడుస్తుంది.

మూడవది గూడు. నాలుగైదు పెట్టలకు ఒక గూడు చొప్పున, అడుగు వెడల్పు, అడుగు లోతున, చీకటిమూలన అమర్చండి. అడుగున మూడునాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డో, ఊకో వేయండి. ఎత్తున వుంటే ఎక్కడానికి ముందొక చెక్క కట్టండి. కొలుమెల్లా చెప్పిన అరుగు అదే. ఓపికవున్నవారు గూటి అడుగును కొంచెం వాలుగా చేసి, గుడ్డు వెనకకు దొర్లి గోనెపట్టా చాటుకు పోయేటట్లు కట్టుకోవచ్చును. పంజరంలోని మేలు దక్కుతుంది, పంజరం అక్కరలేదు.

నాలుగవది, గుడ్లు తీయడం. చాలా పెట్టలు మధ్యాహ్నంలోపలే పెడతాయి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం ఒకసారి తీయండి. బుట్టలో ఆనవాలుకు వుంచేది చెక్కగుడ్డో, సుద్దగుడ్డో కావాలిగాని అసలు గుడ్డు కారాదు. పగిలినది కనబడితే తడిసిన గడ్డితోసహా తక్షణం తీసిపారవేయండి.

అయిదవది వేసవి జాగ్రత్త. ఎండలకు రొప్పే పెట్టకు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, పెంకు కట్టడానికి కావలసిన పదార్థం తగ్గుతుంది. అందుకే మన చైత్ర వైశాఖాలలో పెంకు పలుచన. నీడ, చల్లని నీళ్ళు రోజుకు రెండుమూడుసార్లు మార్చి పెట్టాలి. మేత పొద్దున చల్లటి వేళా, సాయంత్రమూ వేయాలి.

ఇన్ని చేసినా ఒక్క పెట్ట మానకపోతే, దాన్ని పది రోజులు విడిగా వుంచి, సున్నమూ మేతా సరిగా ఇచ్చి, చెక్కగుడ్డు పెట్టి చూడండి. అప్పటికీ మానకపోతే కోసుకోండి, తప్పులేదు. కాని కోత మొదటి మందు కాదు, చివరి మందు.

గ్రామ కార్యకర్తలకు ఒక మనవి. యీ ఫిర్యాదు మీ దగ్గరకు తెచ్చేది సాధారణంగా ఇంటి ఇల్లాలు. గుడ్ల డబ్బు ఆమె చేతి డబ్బు. అయిదు పెట్టలు ఏడాదికి వేయి గుడ్లు పెట్టే ఇంట్లో, పదింట ఒకటి పోయినా నూరు గుడ్లు పోయినట్టే. ఒక బిడ్డకు నూరు రోజులపాటు కంచంలో పడవలసిన గుడ్డు అది. కనుక "ఆ పెట్టను అమ్మేయమ్మా" అని దారినపోతూ చెప్పి వెళ్ళిపోకండి. గూటిలో చెయ్యిపెట్టి గడ్డి తడిమి చూడండి. పెంకు వేళ్ళతో నొక్కి చూడండి. మూకుడులో గుల్ల వుందో లేదో చూడండి. రెండువేల ఏళ్ళ కిందటి కోళ్ళకాపరి చూసినది అదే, యివాళ మనం చూడవలసినదీ అదే.

కంచె చేను మేసిందంటే, ముందు కంచెకు ఏమి తక్కువ చేశామో చూసుకుందాం.